మిల్లు లైన్ల మధ్య బంతితోట

మొన్న మా వాడకట్టులో ఖాళీగా పడి ఉన్న జాగాను పార్కు చేద్దామని మీటింగు పెట్టారు. ఓ కుర్ర అధికారి వచ్చి, కాలనీవాసులందరినీ ఈ పనిలో భాగస్వాములను చేస్తామని గంటసేపు చెప్పాడు. భాగస్వాములు అన్న మాట అతని నోట్లో బెల్లం ముక్కలా అటూ ఇటూ తిరుగుతోంది, కరగడం మాత్రం లేదు. చివర్లో, తోటల పనిలో బతుకంతా గడిపి రిటైరైన పెద్దాయన ఉన్నాడు కదా అని నన్ను లేపి రెండు మాటలు చెప్పమన్నారు. మొక్కలకు నీళ్లు పోయాలి అని చెప్పాను. ఇంత లోతైన విషయం అంతకుముందు ఎవరూ వినలేదేమో, చప్పట్లు కొట్టారు. నేను కూర్చున్నాను.

నిజానికి చెప్పాల్సింది వేరే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే జనాన్ని భాగస్వాములను చేశాను. ఆ మాట అప్పటికి పుట్టలేదు గానీ ఆ పని అప్పుడే ఉంది. దాన్ని నేనెంత ఘనంగా నిర్వహించానో మీటింగులో చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు చదివి నవ్వుకోండి, అభ్యంతరం లేదు.

అవి యుద్ధం రోజులు, నిజాం ఏలుబడి. వరంగల్‌లో ఒక నూలు మిల్లు, దాని వెనక పనివాళ్ల ఇళ్లు. వరసగా కట్టిన ఆ ఇళ్లను లైన్లు అనేవారు. నాలుగు లైన్లు, నాలుగింటికీ మధ్యలో పెద్ద మైదానం. ఇంజను గదిలోని బూడిదా ఇళ్లలోని చెత్తా అందులోకే వచ్చేవి. కార్మికుల ఆరోగ్యం కోసం అక్కడ తోట వెయ్యాలని పైనుంచి ఎవరో రాశారు, ఆ తోట వెయ్యడానికి నన్ను తెచ్చారు.

నాది కృష్ణ ఒడ్డు. మిషన్ బడిలో చదువు, ఆ తర్వాత తోటల పనిలో రెండేళ్ల శిక్షణ. సంచిలో సర్టిఫికెట్టు, తలనిండా ఇంగ్లీషు పూల పేర్లు. వరంగల్ స్టేషన్లో రైలు దిగినప్పుడు, పూలంటే ఏమిటో ఈ ఊరివాళ్లకు నేర్పడానికే వచ్చానని నాకు గట్టి నమ్మకం. వయసు ఇరవై మూడు. ఆ వయసులో ఇలాంటి నమ్మకాలు దగ్గులా వస్తాయి, వాటంతటవే పోతాయని వదిలేస్తాం.

మొదటి ఏడాది మైదానం చుట్టూ ఇనుప తీగ కట్టించి, లోపల గులాబీలు, క్రోటన్లు పెట్టించాను. వారం తిరిగేసరికి తీగ మీద చీరలు ఆరుతున్నాయి. గులాబీలకు ముళ్లుంటాయి కదా, మేకలు ముట్టవని నా లెక్క. మేకలు నా శిక్షణ పుస్తకం చదవలేదు. క్రోటన్లను మాత్రం వదిలేశాయి, వాటికీ ఏదో రుచీ పచీ ఉంటుంది. ఎండాకాలం వచ్చేసరికి మైదానంలో పాత బూడిదా కొత్త తీగా మిగిలాయి.

నా కింద ఒక ముసలి మాలి ఉండేవాడు. దగ్గరి పల్లెలో సేద్యం చేసి చేసి, కరువుకు ఓడి మిల్లుకు వచ్చినవాడు. నేను ఏం చెప్పినా చేసేవాడు, చేస్తున్నంతసేపూ జాలిగా చూసేవాడు. తీగ విప్పి చుట్టలు చుడుతున్న రోజున అన్నాడు.

"సారూ, ఒక మాటంటె కోపం జెయ్యరు గద. గీ జాగల తిరిగేటోళ్లు ఆళ్లు. ఆళ్లను ఒక్కపారన్న అడిగితిరా ఏం గావాల్నో? మన ఇంటి ముంగట ఎవడో అచ్చి ముండ్ల చెట్టు పెడ్తె మనం ఊకుంటమా?"

అడగడమా! ఇది నాకు తట్టనే లేదు. శిక్షణలో నేల సంగతి చెప్పారు, ఎరువుల సంగతి చెప్పారు, మనుషుల సంగతి ఎవరూ చెప్పలేదు. సరేనని ఒక ఆదివారం సాయంత్రం నాలుగు లైన్లవాళ్లనూ మైదానంలో కూర్చోబెట్టాను.

మగవాళ్లు గంటన్నర మాట్లాడారు. ఒకరు కుస్తీలకు తాలీంఖానా కావాలన్నారు, ఇంకొకరు భజన మందిరం కట్టమన్నారు. నాలుగో లైనులో ఎక్కువగా క్రైస్తవ కుటుంబాలు, వాళ్ల పెద్ద లేచి ఆదివారం ప్రార్థనకు పందిరి వేయించమన్నాడు. నాదీ ఆ మతమే కదా అని ఆయన నా వైపు చూసి కన్ను గీటాడు కూడా. తోట గురించి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అప్పుడు వెనక కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒకామె లేచింది. మూడో లైనులో ఉంటుంది, మిల్లులో కండెలు చుట్టే పని. నాకంటే పదేళ్లు పెద్దది. లైన్లలో అందరూ ఆమెను అక్కా అనేవారు, నేనూ అలాగే పిలవడం నేర్చుకున్నాను.

"పూల చెట్లు పెడ్తం సారూ," అంది. "ఇంటికో మడి చేసి ఇయ్యున్రి. నీళ్లు మేమే పోస్కుంటం, మేకల్ని మేమే కొట్టుకుంటం. మీరు జర ఇత్తనం తెప్పియ్యున్రి, సాలు."

"ఏం పూలు కావాలక్కా?"

"బంతి. చేమంతి. కట్ల. పట్టుకుచ్చులు. ఇగ గునుగు."

"గునుగా? అది పొలాల్లో పెరిగే కలుపు మొక్క కదా!"

ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. "కలుపంట!" అని ఒకామె ఇంకొకామె వీపు మీద కొట్టింది. అక్క నవ్వు ఆపుకుని, "గునుగు లేకుంటె ఎట్లయితది సారూ?" అంది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. పల్లె మనుషులు, వాళ్ల రుచి అంతే అనుకున్నాను. ఆ పూలే ఎందుకు అని అడగలేదు. అడగమని మాలి చెప్పింది ఏం కావాలని మాత్రమే, ఎందుకని కాదు కదా.

ఆ తర్వాత జరిగింది చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. బూడిద ఎత్తిపోశారు. పేడ మోసుకొచ్చారు. ఇంటికో మడి చొప్పున తాడు పట్టి గీతలు గీసుకున్నారు. ప్రార్థన పందిరి అడిగిన పెద్దాయన భార్య కూడా ఒక మడి తీసుకుంది. నేను వానలు కుదురుకున్నాక విత్తుదామంటే అక్క ఒప్పుకోలేదు. "శావణం సగం గాకముందే నారు నాటాలె సారూ. లేకుంటె యాల్లకు అందయి," అంది. ఏ వేళకు అని ఈసారి కూడా నేను అడగలేదు. పల్లె ఆడవాళ్లకు పుట్టుకతోనే ఎంత వ్యవసాయ జ్ఞానం అని మురిసిపోయి, ఆ మురిపెం రిపోర్టులో రాశాను.

రోజూ మిల్లు కూత కూయగానే పనిలోంచి వచ్చి, బోళ్లు కడిగిన నీళ్లు కుండల్లో తెచ్చి మళ్లకు పోసేవారు. రెండో లైనుకూ మూడో లైనుకూ పోటీ, ఎవరి బంతి మొక్క ఏపుగా ఉందో కొలుచుకునేవారు. మాలి పొద్దస్తమానం మళ్ల మధ్యే తిరుగుతూ ఉండేవాడు. ఆయన ముఖంలో జాలి పోయింది. అంతా నా గొప్పే అనుకున్నాను.

మొగ్గలు కట్టే సమయానికి మిల్లు మేనేజరు నన్ను పిలిచాడు. బొంబాయి వైపు నుంచి వచ్చిన మనిషి. నవ్వితే మిల్లుకు నష్టమొస్తుందని నమ్మేవాడు. తలుపు వేయించి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. యుద్ధం వల్ల పత్తి బేళ్లు గుట్టలుగా పేరుకుపోతున్నాయి, పెట్టడానికి చోటు లేదు. ఆ మైదానంలో గోదాము కట్టాలన్నది ఆయన కోరిక. పైవాళ్లకేమో తోట ఆలోచన ఇంకా పోలేదు. అందుకని హైదరాబాదు నుంచి పెద్ద అధికారి స్వయంగా వచ్చి చూస్తాడు. కంటికి పూలు కనిపిస్తే తోట ఉంటుంది, లేకపోతే గోదాము లేస్తుంది.

"నీ తోట బాగా పూసి ఉండే రోజు చెప్పు, ఆ రోజుకే పిలుస్తాను. తర్వాత నాకు అన్యాయం జరిగిందని అనొద్దు," అన్నాడు. ఆ విషయంలో ఆయనది ధర్మమైన పద్ధతే. నేను వెళ్లి మొగ్గలు చూసి, వేళ్ల మీద రోజులు లెక్కేసి, ఒక రోజు చెప్పాను. ఆయన రాసుకున్నాడు. "గోదాము మాట లైన్లలో పొక్కనివ్వకు. గోల చేస్తారు," అన్నాడు.

నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. మేనేజరు స్థాయి రహస్యం నా చేతిలో ఉంది! ఆ సాయంత్రం అక్క నీళ్లు పోస్తూ అడిగింది.

"పెద్దసారు ఎవలో వస్తాండట గదా సారూ? ఎందుకట?"

"ఏముంది, ఊరికే. చూసిపోవడానికి."

"అట్లనా. రానియ్, మన పూలు చూసి ఖుష్ అయితడు," అని ఇంకో కుండ తేవడానికి పోయింది. ఆ మైదానం ఉంటుందో పోతుందో అన్నది ఆమె బతుక్కి సంబంధించిన సంగతి. దాన్ని తోటకు నీళ్లు పోసే మనిషికి చెప్పకుండా నా దగ్గర భద్రంగా దాచుకున్నాను.

అమావాస్య వచ్చింది. ఆ సాయంత్రం నుంచి ఆడవాళ్లు పళ్లెంలో పూలు గుండ్రంగా పేర్చి, మైదానం మధ్య పెట్టి, చుట్టూ చప్పట్లు కొడుతూ పాడుతూ తిరగడం మొదలుపెట్టారు. బతుకమ్మ అన్నారు. మా వైపు ఇలాంటిది లేదు. బాగుంది అనుకుని వరండాలోంచి చూస్తూ ఉండేవాణ్ని. ఖిలా వరంగల్ దిక్కుకు పోయి తంగేడు, అడవి పూలు తెచ్చుకునేవారు తప్ప తోటలో ఒక్క రెమ్మ ముట్టలేదు. ఎవరో పిల్ల ఒక బంతిపువ్వు తెంపబోతే అక్క దాని చెయ్యి పట్టుకుని, "గీ పూలు ముడితె చేతులిరగ్గొడ్త, ఎర్కనా?" అని గద్దించడం నా చెవులతో విన్నాను. కళ్లు చెమ్మగిల్లాయి. నివాసులకు ఈ తోట తమ సొంతమనే భావం పూర్తిగా ఏర్పడిందని రిపోర్టులో ఒక పేరా చేర్చాను. ఇప్పటికీ ఆ పేరాలో ఒక్క తప్పు లేదు.

అధికారి వచ్చే రోజు రానే వచ్చింది. సాయంత్రానికి రాక. పొద్దున్నే చూస్తే మైదానమంతా పసుపూ నారింజా, గునుగు తెల్లగా వెండి రంగులో ఊగుతోంది. నేను కలుపన్న మొక్కే అన్నిటికంటే అందంగా ఉంది. ఆయన మెడలో వెయ్యడానికి తోటలో పూలు కొయ్యడం నాకు ఇష్టం లేక, దండ కొనుక్కొద్దామని జట్కా ఎక్కి హనుమకొండ పోయాను. బజారంతా తిరిగినా పూలు లేవు. అన్నీ పొద్దున్నే అయిపోయాయన్నారు. ఊరికి ఏమొచ్చిందని విసుక్కుంటూ మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

మైదానంలో పూలు లేవు.

ఒక్కటంటే ఒక్కటి లేదు. పచ్చటి మొక్కలు తలలు తెగి నిలబడి ఉన్నాయి. మధ్యలో మాలి కూర్చుని కొడవలి తుడుచుకుంటున్నాడు.

"కోత మంచిగైంది సారూ," అన్నాడు సంబరంగా. "ఒక్క మొక్క గూడ పొల్లు పోలే."

"ఎవరు కోశారు?" అన్నాను.

"అందరు. చేతులు సాలలేదంటె నేను గూడ కోసిచ్చిన. ఇయ్యాల సద్దులు గద!"

"అయితే?"

మాలి నా ముఖంలోకి చూశాడు. పోయిన జాలి మళ్లీ వచ్చింది. "అయ్యో సారూ! బతుకమ్మకే గద ఏసింది. తొమ్మిదోనాడు సద్దుల బతుకమ్మ, గియ్యాలటి కోసమే గదా ఇన్నొద్దులు దాచుకున్నది. మీకెర్కనే అనుకున్నం."

అప్పుడు అర్థమైంది. శ్రావణం సగం కాకముందే నాటడం, గునుగు, ఒక్క పువ్వూ తెంపనివ్వకపోవడం. నేను వేళ్ల మీద లెక్కేసి మేనేజరుకు చెప్పిన రోజూ, వాళ్లు నెలల ముందే లెక్కేసుకున్న రోజూ ఒకటే. పంట లెక్క ఇద్దరిదీ సరిగ్గానే ఉంది.

మూడో లైనుకు పరిగెత్తాను. ప్రతి గడపలో పూల రాశి. అక్క తన బతుకమ్మను నడుమెత్తు పేర్చి, పైన గుమ్మడిపువ్వు పెడుతోంది. నన్ను చూసి, "రా సారూ, ఎట్లున్నది? పొద్దు గుంకకముందే అందరం మైదానంల పెట్టి ఆడ్తం. మీ పెద్దసారు గూడ చూస్తడు," అంది. అప్పుడైనా చెప్పొచ్చు. అక్కా, ఈ పూటకు ఇవన్నీ త్వరగా మైదానంలోకి తెండి, ఆయన వచ్చేసరికి మళ్లలో నిలబెట్టండి, లేకపోతే జాగా పోతుంది అని రెండు ముక్కలు. అందరూ క్షణంలో కదిలేవాళ్లే. కానీ నేను అప్పటికే తల లోపల ఒక సంజాయిషీ తయారు చేసుకుంటున్నాను. నా తోట ఎందుకు పూసిందో నాకే తెలియలేదని పై అధికారి ముందు ఎలా ఒప్పుకోవడం? బాగుందక్కా అని చెప్పి వచ్చేశాను.

అధికారి మోటారులో దిగాడు. తెల్ల గడ్డం, నెమ్మదైన మనిషి. మళ్ల మధ్య నడిచి, ఒక తెగిన కాడను వేలితో తాకి, నన్ను ఉర్దూలో అడిగాడు, పూలేవి అని. నా ఉర్దూ అంతంత మాత్రం. క్రియకు కర్త కలిసేది కాదు, ఆడామగా తేడా తెలిసేది కాదు. ఆ రోజు మాత్రం మాట తడబడకుండా వచ్చింది.

"చోరీ, హుజూర్."

అదే సమయానికి ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని వరసగా మైదానంలోకి వస్తున్నారు. ముందు అక్క ఉంది. వరంగల్‌లో ఆ ఉర్దూ మాట తెలియనివాళ్లు ఎవరున్నారు? ఆమె నడక ఆగింది. అధికారి ఆ పూల వైపు చూసి, ముఖం విప్పారి, ఎంత అందంగా ఉన్నాయి, ఈ పూలెక్కడివి అని నన్నే మళ్లీ అడిగాడు. ఇదుగో, ఇది దేవుడిచ్చిన రెండో అవకాశం. వీళ్లే నాటారు, వీళ్లే నీళ్లు పోశారు, వీళ్ల పండగ కోసం వీళ్లే కోసుకున్నారు, పైయేడు కూడా పూస్తాయి అంటే సరిపోయేది. ఆయన వినే మనిషే. కానీ అప్పటికే చోరీ అనేశాను కదా. అన్న మాట మీద నిలబడే రకం నేను.

"అవే, హుజూర్," అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. తోట ఇస్తే దోచుకునేవాళ్లకు తోటెందుకు అన్నాడు మేనేజరుతో. గోదామే కట్టుకోండి అన్నాడు. అందరికీ వినపడేలాగే అన్నాడు. మేనేజరు ఆ రోజు నవ్వాడు. మోటారు వెళ్లిపోయింది.

అక్క బతుకమ్మను కింద పెట్టి నా దగ్గరికొచ్చింది.

"గోదామేంది?"

చెప్పాను, అంతా చెప్పాను. వినేవాళ్లు వెనక ముప్పై మంది నిలబడ్డారు.

"నీకు ముందుగాల్నే ఎర్కనా?"

"తెలుసు."

"ఎర్కుండి నాకు చెప్పకపోతివి." ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "అడివిల తంగేడు లేదా, గునుగు లేదా? మా అవ్వలు ఆడికెళ్లి తెచ్చుకోలేదా? ఇయ్యాల గూడ ఆడికే పోయి తెచ్చుకుందుము గద సారూ. ఒక్క మాట చెప్తె, గీ పూలను ముట్టకపోదుము. జాగ పోతదంటె పండుగే ఇడ్సిపెడ్దుము. మమ్ముల దొంగల్ని జేస్తివి."

ఆమె వెనక్కి తిరిగి, "ఆడున్రే! ఇయ్యాలైతె జాగ మనదే," అంది. వాళ్లు ఆడారు. ఆ తెగిన మళ్ల మధ్యే, ఎప్పటికంటే గట్టిగా పాడుతూ తిరిగారు. పాట మధ్యలో ఒకరిద్దరు కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

గోదాము ఆ చలికాలంలోనే లేచింది. మాలిని దాని కాపలాకు పెట్టారు. బతుకమ్మ మిల్లు గేటు బయట రోడ్డు మీదికి పోయింది, బండి వచ్చినప్పుడల్లా పళ్లేలు పక్కకు జరుపుకోవాల్సిందే. ఇక నా సంగతి. నివాసుల సహకారం గురించి నేను రాసిన పేరాలు పైవాళ్లకు నచ్చాయి. ఇంత అనుభవం ఉన్న కుర్రాణ్ని ఇంకా పెద్ద తోటకు వెయ్యాలని హైదరాబాదుకు పైమెట్టు మీద బదిలీ చేశారు. నాకు అర్హత లేదని చెబుదామా అని ఒక పూట ఆలోచించి, మరుసటి పూట పెట్టె సర్దుకున్నాను.

కానీ ఆ రోజు అక్కడితో అయిపోలేదు. ఆట అయ్యాక ఆడవాళ్లు బతుకమ్మల్ని చెరువుకు తీసుకుపోయారు. నేను మైదానంలో ఒక మడి గట్టు మీద కూలబడ్డాను. కాసేపటికి తిరిగొచ్చి, పండగ ఆనవాయితీ ప్రకారం మలీద ముద్దలు పంచుకోవడం మొదలుపెట్టారు. మలీద అంటే రొట్టె నలిపి బెల్లం కలిపి చేసేది. నా వైపు ఎవరూ చూడలేదు. చివరికి అక్కే గిన్నె పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"చెయ్యి పట్టు."

"వద్దక్కా."

"నీ మీద ప్రేమతోని, పావురంతోని ఇస్తలేను. సద్దుల పూట ఎవ్వల్ని ఇడ్సిపెట్టద్దు, గందుకిస్తాన్న. పట్టు."

చెయ్యి చాచాను. ముద్ద పెట్టి వెళ్లిపోయింది. అది నా గొంతు దిగలేదని రాస్తే మీకు నా మీద కాస్త మంచి అభిప్రాయం కలుగుతుందని తెలుసు. కానీ పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు. ఆమె చూస్తుండగానే మొత్తం తిని, చెయ్యి నాక్కున్నాను.